యాభై దాటినవాళ్ల కప్పు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర జెండా ఊపగానే అరవై సైకిళ్లు ముందుకు దూకాయి. అరవై ఒకటోది గున్నేశ్వరరావుది. అది కదల్లేదు.

అతను గొలుసు చూశాడు. టైరు నొక్కాడు. హెల్మెట్ బెల్టు విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. వెనక చూస్తే ఎవరూ లేరు, అప్పుడు తీరిగ్గా ఎక్కాడు.

అతనేం చేతకానివాడు కాదు. రాజమండ్రిలో మోటారు పంపుల కొట్టు, సాయంత్రం అయితే సైకిలు. క్లబ్బు రేసుల్లో యాభై దాటినవాళ్ల కప్పు మూడేళ్లుగా అతని ఇంట్లోనే ఉంది. ఈసారి ఆ విభాగంలో పేర్లిచ్చింది ఇద్దరే. రెండో ఆయన రామచంద్రపురం రైతు దొరబాబు.

చిక్కంతా అక్కడే వచ్చింది. దొరబాబు కొడుకు గణేష్‌బాబుకి గున్నేశ్వరరావు కూతురు పూజితని చూపించి పది రోజులైంది. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు. దొరబాబు మాత్రం ఔననలేదు, కాదనలేదు. "ఆదివారం రేసు అయ్యాక మీతో ఒక మాట చెప్పాలండి" అని ఫోను పెట్టేశాడు. ఆ మాటేమిటో తెలియక గున్నేశ్వరరావుకి కంటి మీద కునుకు లేదు. పూజిత అంటే అతనికి ప్రాణం.

పొద్దున్నే టీ ఇస్తూ భార్య మీనాకుమారి ఒకటే చెప్పింది.

"మనం ఆడపిల్ల వైపువాళ్లం. మగపెళ్లివారిని వెనక్కి నెట్టి కప్పు పట్టుకొచ్చారంటే, ఆ కప్పులోనే మీకు అన్నం."

"ఓడిపోతాలేవే" అన్నాడు అతను. ఓడిపోవడం అంత కష్టమని అప్పటికి తెలియదు పాపం.

బొబ్బర్లంక దాటేసరికి దొరబాబు కనిపించాడు. రోడ్డు పక్కన సైకిలు ఆనించి బొండాం తాగుతున్నాడు. దాటేస్తే కొంప మునుగుతుంది. గున్నేశ్వరరావు గట్టిగా బ్రేకు వేశాడు.

"రండి రండి, బొండాం తాగుదురుగాని" అన్నాడు దొరబాబు.

"మీరు పదండి. ఆలస్యమవుతుంది మీకు."

"ఆలస్యమేముందండి. ఇంత లేత కొబ్బరి వదిలేసి ఎక్కడికెళ్తాం?"

ఒక బొండాం రెండయింది. కొబ్బరి గీకించుకుని తినడం కూడా అయింది. ఎట్టకేలకు దొరబాబు సైకిలెక్కాడు. గున్నేశ్వరరావు ఒకటి నుంచి మూడు వందల దాకా అంకెలు లెక్కపెట్టి బయల్దేరాడు. రెండు నిమిషాల్లో మళ్లీ అదే వీపు. ఆ మనిషి కాలవలో బాతుల్ని చూసుకుంటూ, నడిచేవాళ్ల కన్నా నెమ్మదిగా తొక్కుతున్నాడు.

గున్నేశ్వరరావు కాళ్లకి ఇది శిక్ష. పడిపోకుండా రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి మెలికలు తిరిగాడు. వెనక గడ్డిమోపు కట్టుకుని పాత సైకిలు మీద వెళ్తున్న ముసలావిడ ఇద్దర్నీ దాటిపోతూ, "గాలి లేదా బాబూ?" అని జాలిగా అడిగింది.

అతనికి ఒళ్లు మండింది. ఈ పెద్దమనిషికి రేసంటే ఏమిటో ఎవరూ చెప్పలేదా? ఆ వెంటనే, కాబోయే వియ్యంకుడి మీద కోపం వచ్చినందుకు భయమేసింది.

ఆత్రేయపురంలో దొరబాబు పూతరేకుల కొట్టు ముందు దిగాడు. బెల్లంవి రుచి చూశాడు, పంచదారవి రుచి చూశాడు. నెయ్యి గురించి కొట్టావిడతో పావుగంట ముచ్చటించాడు. తరవాత వెనక్కి తిరిగి, "మీరు వెళ్తూ ఉండండి, నేను వచ్చేస్తాను" అన్నాడు.

గున్నేశ్వరరావుకి ముచ్చెమటలు పోశాయి. "ఎలా వెళ్తానండి, నాకు పంక్చరు" అనేశాడు.

అన్నాక నిజం చెయ్యాలి కదా. కొట్టు పక్క సందులోకి వెళ్లి, చొక్కాకి నంబరు గుచ్చిన పిన్నీసు తీసి, కొడుకు మహేంద్ర ముచ్చటపడి కొనిచ్చిన కొత్త టైరుని తన చేత్తోనే పొడిచాడు. అది బుస్సుమంటుంటే కళ్లు మూసుకున్నాడు.

దొరబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అయ్యో. ఇలా ఇవ్వండి, నేను వేస్తాను."

"మీరు వెళ్లిపోండి బాబూ."

"మిమ్మల్ని వదిలేసా? నా వల్ల కాదండి."

మట్టిలో చతికిలబడి, ట్యూబు ఊడదీసి, అతికించి, గాలి కొట్టి ఇచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. ఇంత మంచివాడి ఇంటికి పిల్లని ఇవ్వలేకపోతానేమోనని గున్నేశ్వరరావుకి బెంగ పట్టుకుంది.

అంతలో క్లబ్బు సెక్రటరీ ప్రేమ్ కుమార్ మోటారుసైకిలు మీద వెనక్కి వచ్చాడు.

"మీ ఇద్దరి కోసమే ఆగామండి. గడ్డిమోపు మామ్మ గారు కూడా వచ్చేశారు. తొమ్మిదికి టెంటు విప్పేస్తాం. ఎవరో ఒకరు గీత దాటకపోతే ఈ ఏడు కప్పు లేదు."

తొమ్మిదికి ఇంకా నిమిషముందనగా ఇద్దరూ పక్కపక్కనే రావులపాలెం చేరారు. ఎదురుగా సున్నం గీత. దానికి జానెడు దూరంలో దొరబాబు కాలు కింద పెట్టేశాడు. గున్నేశ్వరరావు రెండు కాళ్లూ పెట్టేశాడు.

"అరనిమిషం" అన్నాడు ప్రేమ్ కుమార్ వాచీ చూస్తూ.

గున్నేశ్వరరావు ఇక ఆగలేకపోయాడు. అందరి ముందూ చేతులు జోడించాడు.

"దొరబాబు గారూ, మీకు దణ్ణం పెడతాను. మా పూజిత మీ ఇంటి పిల్ల కావాలి. మగపిల్లాడి తండ్రి మీరు. మీరే ముందు దాటండి."

దొరబాబు సైకిలు దిగాడు. జోడించిన ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేనెలా దాటతానండి బావగారూ, పూజిత ఎటూ మా ఇంటి పిల్లే గానీ, మా అమ్మాయిని మీ మహేంద్రకి చేసుకోమని అడగడానికొచ్చిన ఆడపిల్ల తండ్రిని నేను."