రెప్పకు రెప్ప

మార్తమ్మ ఫోన్ చేసేసరికి ఇందుజ కళ్ళు అప్పటికే మండుతున్నాయి.

"అమ్మా, మా ఆయన బండి మీరే చూస్తున్నారాండీ? వరదానం అండి, ఆకివీడు."

"నేనేనండీ. చెప్పండి."

"నిన్నంతా కలిదిండి చెరువు దగ్గర చేపలు పట్టించారండి. ఆ తర్వాత ఐసు, లోడింగు. కునుకన్నది లేదు. ఉన్నవాడు ఉన్నట్టే బండెక్కేశారు. నాకెందుకో గుండె దడదడలాడుతోందమ్మా. కాస్త కనిపెట్టుకుని ఉండండి, మీకు దణ్ణం పెడతాను."

"నేను కళ్ళు తిప్పనండీ, సరేనా? మీరు ధైర్యంగా ఉండండి."

ఏలూరులో చేపల లారీల ఆఫీసు అది. ప్రతి లారీలోనూ డ్రైవర్ మొహానికి ఎదురుగా ఒక కెమెరా డబ్బా ఉంటుంది. కళ్ళు కాస్త మూతలు పడ్డాయంటే చాలు, అక్కడ డబ్బా కీచుమని అరుస్తుంది, ఇక్కడ ఎర్ర దీపం వెలుగుతుంది. వెంటనే ఇందుజ ఫోన్ చేసి బండి ఆపించాలి. దీపం వెలగకుండా మాత్రం ఫోన్ చెయ్యకూడదు. నడిపేవాడి దృష్టి చెదురుతుందని రూలు.

ఆ డబ్బా అంటే డ్రైవర్లందరికీ ఒళ్ళు మంట. "నవ్వినా అరుస్తుంది, తుమ్మినా అరుస్తుందండీ దరిద్రపుది" అని తిట్టుకోని రోజు లేదు.

పొద్దుట్నుంచీ చూస్తున్న వరదానం బొమ్మనే ఇందుజ ఇప్పుడు స్క్రీన్ నిండా పెద్దది చేసుకుంది.

మనిషి నిబ్బరంగా ఉన్నాడు. తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా. కళ్ళు ఇంతింత తెరిచి ఎదురుగా చూస్తున్నాడు. రోడ్డు కుదుపులకి బొమ్మ సన్నగా ఊగుతోందే గానీ ఆ చూపు చెదరడం లేదు. ఈవిడది ఒట్టి కంగారు అనుకుంది ఇందుజ. అయినా మాటిచ్చింది. మగత ఎప్పుడు ముంచుకొస్తుందో ఎవరికి తెలుసు? తను ఒక్క క్షణం పక్కకి చూస్తే, ఆ క్షణంలోనే ఆయన కళ్ళు మూతపడితే?

ఆ తలపుతో ఆమె చూపు ఇంకా బిగించింది.

మంట ఎక్కువైంది. కళ్ళలో ఇసక పోసినట్టుంది. ఇదేం ఖర్మ! నెల నుంచీ బాగానే ఉంటున్నాయి కదా.

అంతకు ముందు నరకం చూసింది. కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. "స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్ప వెయ్యడం మర్చిపోతామమ్మా" అన్నాడాయన. "రెప్ప పడుతుంటేనే కంటికి తడి. చుక్కలు ఇస్తాను. మధ్యమధ్య చూపు దూరంగా మళ్ళించండి. అన్నిటికన్నా ముఖ్యం, గుర్తుపెట్టుకుని రెప్పలు వెయ్యండి."

పనిలో పడితే అదెక్కడ గుర్తుంటుంది? అప్పుడు తట్టింది ఆమెకి ఉపాయం. ఎదురుగా ఇన్ని మొహాలున్నాయి, అన్నీ రెప్పలు వేస్తూనే ఉంటాయి. చూస్తున్న డ్రైవర్ రెప్ప వేసినప్పుడల్లా తనూ వేస్తే సరి! రెప్పకు రెప్ప. కొన్నాళ్ళకి అదే అలవాటైపోయింది. ఇప్పుడు తను వేస్తున్నట్టు తనకే తెలియదు. మంట కూడా చాలావరకు తగ్గింది.

మరి ఇవాళేమొచ్చింది?

"గోపీనాథ్ గారూ, ఆ ఏసీ కాస్త తగ్గిస్తారా? గాలి తిన్నగా నా కళ్ళలోకే కొడుతోంది."

మేనేజరు గోపీనాథ్ ఏసీ కట్టేసి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

"అయ్యబాబోయ్, ఏంటండీ ఆ కళ్ళు! మిరపకాయల్లా ఉన్నాయి. లేవండి, కాసేపు నేను చూస్తాను."

"వద్దండీ. మార్తమ్మగారికి మాటిచ్చాను."

"వరదానం గురించా మీ బెంగ?" నవ్వాడాయన. "పొద్దుట్నుంచీ ఆయన డబ్బా ఒక్కసారన్నా అరిచిందా? మిగతావాళ్ళు ఆయన్ని చూసి బుద్ధి తెచ్చుకోవాలి. చుక్కలన్నా వేసుకోండి."

ఇందుజ ఒక కన్ను తెరిచి ఉంచే రెండో కంట్లో చుక్క వేసుకుంది. తర్వాత ఈ కన్ను. చల్లగా అనిపించింది గానీ ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. నీళ్ళు కారిపోతున్నాయి. చున్నీతో అద్దుకుంటూ చూస్తోంది. నీళ్ళ వెనక వరదానం మొహం మసకబారుతోంది, మళ్ళీ తేటపడుతోంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"పడుకోకండి వరదానం గారూ" అంది పైకే. "మీ ఆవిడ అక్కడ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంది."

లారీ విశాఖ దాటింది. భోజనాల వేళ కూడా దాటింది. ఎండలో నిద్ర ముంచుకొచ్చే సమయం. ఇందుజ కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది.

ఉన్నట్టుండి బొమ్మ ఒక్కసారి గట్టిగా అదిరింది. ఆ తర్వాత ఊగడం ఆగిపోయింది.

ఎర్ర దీపం వెలగలేదు. వరదానం కళ్ళు తెరిచే ఉన్నాయి.

"హమ్మయ్య! ఆపారండీ" అంది ఇందుజ వెనక్కి వాలుతూ. "గతుకులో దిగి ఆగినట్టున్నారు. టీ తాగుతారు కాబోలు."

అరగంట తర్వాత గోపీనాథ్ ఫోన్ మోగింది. వింటున్న మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎక్కడ? ఎంతసేపైంది?... మనిషి?... పోనీలెండి, ప్రాణం దక్కింది." ఫోన్ పెట్టి గోడకి ఆనుకున్నాడు. "వరదానం బండి కాలవలోకి పోయిందండీ. నిద్రపోయాట్ట. రెండు కాళ్ళూ విరిగాయి. పక్క చేలోవాళ్ళు బయటికి లాగి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతున్నారు."

"మీరేమంటున్నారండీ?" ఇందుజ స్క్రీన్ వైపు చెయ్యి చూపింది. "ఆయన బండిలోనే ఉన్నారు. చూడండి!"

గోపీనాథ్ చూశాడు. స్క్రీన్ నిండా వరదానం. దువ్విన తల, ఇస్త్రీ చొక్కా, ఇంతింత కళ్ళు.

ఇందుజ స్క్రీన్‌కి మొహం ఆనించింది. మండే కళ్ళతో ఆయన రెప్ప వేస్తాడేమోనని చూసింది. ఎంతసేపు చూసినా పడలేదు.

పొద్దుట్నుంచీ ఆమె కాపలా కాసింది వరదానాన్ని కాదు, డబ్బా నోరు మూయించడానికి వరదానం కెమెరా ముందు వేలాడగట్టుకున్న తన క్రిస్మస్ ఫొటోని.