చీటీ ఉన్న డబ్బా

“డబ్బా కడిగేశావా అక్కా?” వంటింటి గట్టు మీద తడిసి పడున్న చీటీని చూసి డ్రైవర్ నోరు తెరిచాడు.

“కడగక? ఎవరో బురద తెచ్చి నా ఫ్రిజ్‌లో పెట్టారు. సింకులో పారబోసి రెండుసార్లు తోమాను,” అంది వంటావిడ, అదేదో ఘనకార్యమైనట్టు.

“చీటీ ఉంది కదక్కా దానికి! ఇది చీటీలమ్మాయి రాతే!”

వంటావిడ చేతిలోని పీచు జారిపోయింది.

ఏటా విదేశాల నుంచి కొందరు విద్యార్థులు ఈ పరిశోధనా కేంద్రానికి వస్తారు. ఆరు వారాలు చిత్తడి నేలల్లో పడి తిరుగుతూ బురదలో బతికే పురుగుల్ని లెక్కపెడతారు. వాళ్లకు వండిపెట్టడం ఈవిడ పని, జీపులో తిప్పడం అతని పని. చీటీ లేని డబ్బా చెత్తబుట్టలోకి పోతుంది, చీటీ ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఇది ఇక్కడి మొదటి రోజు పాఠం. దాన్ని అందరికంటే శ్రద్ధగా ఒంటబట్టించుకున్నది ఈ చీటీలమ్మాయే. తన చెప్పులకూ టూత్‌బ్రష్‌కూ కూడా నంబరూ తేదీ వేసి చీటీ అంటించిన ఘనురాలు. సాయంత్రమైతే వంటావిడ కొంగు పట్టుకుని తిరుగుతూ, “ఇదేంటి పిన్నీ? అదెందుకు పిన్నీ?” అని వచ్చీరాని మాటల్తో అడిగి పుస్తకంలో రాసుకునేది. ఇన్నేళ్లలో ఎంతమంది వచ్చిపోయినా, పిన్నీ అని పిలిచింది ఆ పిల్లొక్కతే.

“రేపు పొద్దున్నే వాళ్ల ప్రొఫెసరు అన్నీ చూస్తాడట. ఒక్క డబ్బా తగ్గినా ఆరు వారాల కష్టం నీళ్లపాలే,” అన్నాడు డ్రైవర్.

“అయ్యో, నా చేతులు పడిపోనూ! అయినా నా ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టింది? చిలక్కి చెప్పినట్టు చెప్పానే!”

“ల్యాబ్ ఫ్రిజ్ నిండిపోయి ఉంటుంది. అది నిజంగా బురదేనా?”

“ముప్పై ఏళ్లుగా గరిటె తిప్పుతున్నాను. తిండేదో బురదేదో నాకు తెలీదట్రా? అసలు తప్పంతా నీది. నిన్న నేను సెలవు పెడితే నా మూకుడు మాడ్చిపెట్టావు. పొద్దుటినుంచి దాన్ని తోమీ తోమీ, ఆ కోపంలోనే దీన్నీ తోమేశాను.”

“నిన్న నేను వంటింటి గడపే తొక్కలేదక్కా!”

“నోర్ముయ్. జీపు తియ్యి.”

విద్యార్థులంతా తూర్పు గట్టున ఉన్నారు కాబట్టి జీపు పడమటి గట్టుకు పోయింది. వంటావిడ చీర ఎత్తి దోపుకుని మోకాలి లోతు బురదలోకి దిగింది. డ్రైవర్ దోసిలితో తోడి చూపించిన ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది.

“మరీ పలచన. ఇదా? ఇసక తగుల్తోంది. నల్లగా, కాస్త జిగురుగా ఉండాల్రా. పైన ఏదో ఆకు, సన్నగా తరిగి చల్లినట్టు ఉంది.”

“బురదక్కూడా వంకలు పెడతావేంటక్కా?”

“పిల్ల చదువురా! మాట్లాడకుండా వెతుకు.”

నాలుగో చోట కుదిరింది. చీటీ ఆరబెట్టి, మళ్లీ అంటించి, డబ్బాను ఫ్రిజ్‌లో ఎక్కడిదక్కడ పెట్టేశారు. ఆ తర్వాత ఇద్దరూ కాళ్లు కడుక్కున్నారు.

సాయంత్రం వీడ్కోలు భోజనాలు. అందరూ కూర్చోగానే చీటీలమ్మాయి వంటింట్లోకి వెళ్లి ఆ డబ్బాతోనే బయటికొచ్చింది. వద్దు తల్లీ, ఇప్పుడు తియ్యకు, అని వంటావిడ లోపల్లోపలే మొక్కుకుంది.

“పిన్నీ, ఆరు వారాలు నేను నేర్చుకున్నదంతా ఇందులో ఉంది. తప్పులుంటే మీరే చెప్పాలి,” అంటూ అమ్మాయి మూత తీసి తొంగిచూసింది.

వంటావిడ కళ్లు మూసుకుంది.

“నిన్నటికంటే కాస్త గట్టిపడింది. అంతే!” అని నవ్వింది అమ్మాయి.

“బతికిపోయాం,” డ్రైవర్ ఆవిడ చెవిలో గొణిగి, పైకి మాత్రం, “చూస్తేనే తెలుస్తోందమ్మా, ఎంత కష్టపడ్డావో!” అన్నాడు.

“నా బంగారుతల్లి! దీనికి వంకపెట్టే మొనగాడు పుట్టలేదు,” అంది వంటావిడ కళ్లు తుడుచుకుంటూ.

అమ్మాయి మొహం వెలిగిపోయింది. డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, చేతికి చెంచా అందించింది.

“మీకోసం నేనే వండాను పిన్నీ, తినండి!”