రెండో చుక్క

"తెరిచిన ప్రతిసారీ ఇవాళ తారీఖెంత అని నన్నే అడుగుతోంది బాబూ. మతిమరుపు నాకో దీనికో తెలీడం లేదు."

పెద్దావిడ సంచిలోంచి పాత డిజిటల్ కెమెరా తీసి బల్ల మీద పెట్టింది.

మెకానిక్ మొహం చిట్లించాడు. ఆ పూట దుకాణంలో కరెంటు ఉంది గానీ, అతనికి ఓపిక లేదు.

"లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఒకటుంటుంది పెద్దమ్మా. అది చచ్చిపోయింది. మార్చాలంటే మొత్తం విప్పాలి. ఇంత పాతదానికి ఈ అవస్థంతా ఎందుకు? ఫోన్‌తో తీసుకోండి."

"ఫోన్ నిన్నగాక మొన్న వచ్చింది. ఇది ఇరవై ఏళ్లుగా నాతో తిరుగుతోంది. కళ్లు ఆనడం లేదు నాయనా, ఆ బుల్లి అంకెలు రోజూ ఎక్కడ పెట్టను?"

ఇక తప్పదన్నట్టు మెకానిక్ స్క్రూలు విప్పాడు. బోర్డు బయటికి తీశాడు. అంతే, చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?" అంది పెద్దావిడ.

"ఏం కాలేదు. రెండు చుక్కల సరుకిది. చూసి ఎన్నేళ్లయిందో."

చచ్చిన బ్యాటరీ పక్కన రెండు ఎర్ర చుక్కలున్నాయి. ఒకటి పెద్దది. దాన్ని ఆనుకుని ఇంకోటి, చిన్నది.

అంతసేపూ విసుక్కున్నవాడికి ఎక్కడలేని మాటలూ వచ్చాయి.

"ఈ రకం కెమెరాలన్నిటికీ టంకం పక్కన ఒక చుక్క ఉంటుంది. ఫ్యాక్టరీలో ఎవరో చూసి, బాగుందని పెట్టేవారు. వందకొకటి మరీ ముచ్చటేస్తే పక్కనే రెండో చుక్క. నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు ఇలాంటివి వెతికి మరీ చూపించేవారు. టంకమంటే ఇదిరా, ఇలా వేసిన రోజు నీకూ రెండో చుక్క పెడతాను అనేవారు."

"పెట్టారా మరి?"

"ఒక్క చుక్క పెట్టారంతే, రెండోది పెట్టకుండానే పోయారు."

ఆ మాట అన్నాక అతనికే సిగ్గేసింది. ఇన్నేళ్లలో భార్యతో కూడా అనలేదు. దుకాణం పెట్టినా, పేరొచ్చినా, ఆ రెండో చుక్క కొరత అలాగే ఉండిపోయింది.

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇంతకీ ఆ చుక్కలు పెట్టినాయన ఎవరంటావు?"

"ఎవరో పెద్ద ఇంజనీరే అయ్యుంటాడు."

"అయ్యుంటాడు," అందావిడ.

మెకానిక్ పాత బ్యాటరీ ఊడదీశాడు. కొత్తది పెట్టి, వేడెక్కిన సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాడు. పెద్దావిడ స్టూలు ముందుకి జరుపుకుంది.

"కాస్త పక్కకి వాల్చి పట్టుకో బాబూ. రెండు లెక్కపెట్టి తీసెయ్. ఎక్కువసేపు ఉంచావంటే బోర్డు మీది రాగి రేకు లేచిపోతుంది. ఇక దీన్ని ఎవరూ బాగుచెయ్యలేరు."

"పెద్దమ్మా, ఇరవై ఏళ్లుగా నా పనే ఇది. మీ వంటింట్లోకొచ్చి గరిటె ఎలా పట్టుకోవాలో నేను చెప్పానా?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది.

అతను మాత్రం, ఎందుకో మరి, ఐరన్‌ని పక్కకే వాల్చాడు. ఒకటి, రెండు. తీసేశాడు.

టంకం గుండ్రంగా, నున్నగా కూర్చుంది. బాగానే వచ్చినట్టుంది. గురువుగారుంటే ఏమనేవారో.

"మూత వేసే ముందు ఒక్కసారి చూపిస్తావా?"

"చూసి మీరేం చేస్తారు? మీకర్థమయ్యేది కాదులెండి."

టకటకా స్క్రూలు బిగించేశాడు. తారీఖు పెట్టి చేతిలో పెట్టాడు. "ఇంట్లో మాత్రం విప్పకండి. దుమ్ము పడిందంటే మళ్లీ నా ప్రాణానికే వస్తుంది."

పెద్దావిడ నవ్వి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఆగి ఏదో అంది గానీ, అతను అప్పటికే వేరే లెన్సు తుడవడంలో పడ్డాడు.

మూడు నెలల తర్వాత ఒకామె అదే కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తారీఖు బాగానే చూపిస్తోందండీ. వెనక మూతే సరిగ్గా పడడం లేదు."

"ఇది ఒక పెద్దమ్మగారిది కదూ?"

"మా అమ్మ. పోయి నెల దాటింది. దీన్ని నా దగ్గరే ఉంచుకుందామని తెచ్చాను."

మెకానిక్ కెమెరాని రెండు చేతులతో అందుకున్నాడు. తర్వాత మూత తిప్పి చూస్తే రెండు స్క్రూలు వంకరగా బిగించి ఉన్నాయి.

"ఇదెవరు విప్పారమ్మా?"

"అమ్మేనండీ. ఇక్కణ్ణించి వచ్చిన రోజే భూతద్దం పెట్టుకుని దీని ముందు కూర్చుంది. వణికే చేతులతో నీకెందుకమ్మా అంటే వింటేనా. పైగా జన్మలో గోళ్లరంగు ముట్టని మనిషి, నా ఎర్ర సీసా అడిగి తీసుకుంది."

"విప్పొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను," అని గొణుక్కుంటూ అతను మూత తీశాడు. బోర్డు పైకెత్తాడు.

పాత చుక్కలు కాక, తను వేసిన టంకం పక్కన, చెయ్యి వణికినట్టు కాస్త చెదిరి, కొత్తగా ఒక ఎర్ర చుక్క ఉంది. దాన్ని ఆనుకుని ఇంకోటి, చిన్నది.

అతను బోర్డుని వెలుతురులోకి తిప్పాడు. "అమ్మగారు ఏం చేసేవారమ్మా?"

కూతురు కూడా వంగి చూసింది.

"ఇందుకా నా సీసా అడిగింది? ఈ కెమెరాల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు టంకాలకి చుక్కలు పెట్టింది మా అమ్మే. పక్క బల్ల మీద సొంత చెల్లెలే టంకాలు వేసేది, ఆవిడకి ఒక్కసారి కూడా రెండోది పెట్టలేదు."