వలలో చెన్నయ్య

చెన్నయ్యను వలలోకి తోసేశారు.

వీపు మీద సిమెంటు తట్ట బోర్లించి తాళ్లతో బిగించారు. ఇక పాకడమే. వెనక్కి తిరగకూడదు, అది షరతు. ఇద్దరు బలమైన మనుషులు పగ్గాలు పట్టి, ఆ వలను జిగణిలోని వలల షెడ్డు ముందు బరబరా లాగడం మొదలుపెట్టారు.

"బయటపడితే ఆర్డరు మనది. లేకుంటే సోమవారమే షెడ్డుకు బీగం!" యజమాని అశ్వత్థప్ప గొంతు చించుకున్నాడు.

వలలు కుట్టి బతికే షెడ్డంతా చుట్టూ మూగింది.

చెన్నయ్య నెత్తి ఢంగుమంది. ఎదురుగా ఇనుప కడ్డీలు. వాటి పైన ఎక్కడో వలతోనే కుట్టిన తలుపు ఉండాలి. చేత్తో తడిమాడు.

"చేతులు వాడేటట్టు లేదప్పా!" ఆర్డరు ఇవ్వాలో వద్దో తేల్చడానికి వచ్చిన జయరామప్ప కుర్చీలోంచి గద్దించాడు. "తలతో తోయి! నేను విజిల్ ఊదితే టైము అయిపోయినట్టే!"

తలతో తోశాడు. తలుపు కదిలింది. మెడ బయటికొచ్చింది. భుజాలొచ్చాయి. తట్ట ఇరుక్కుంది.

"సంగటి ముద్దలు తగ్గించమంటే ఇన్యావా?" భార్య సుంకమ్మ నెత్తి కొట్టుకుంది.

"నా పొట్ట కాదే, నీ కుట్టే బిర్రుగా ఉండాది!"

"నా కుట్టునంటావా? అట్లయితే ఆడే ఉండు!"

అందరూ గొల్లుమన్నారు. అశ్వత్థప్పకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కంటికి అప్పుడే బీగం కనబడుతోంది.

"ఇంగ రవ్వంతే చెన్నయ్యా! తన్నప్పా, తన్ను!" అని అరిచాడు.

జయరామప్ప విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బాయి.

చెన్నయ్య కళ్లు మూసుకున్నాడు. ఇలవేల్పును తలచుకున్నాడు. రెండు కాళ్లూ జాడించి ఒక్క తన్ను తన్నాడు.

సోడా బుడ్డిలోంచి నురగ చిమ్మినట్టు బయటపడి, నేరుగా సుంకమ్మ మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి దొర్లారు. ఈలలు, చప్పట్లు! అశ్వత్థప్ప పంచె ఎగ్గట్టి చిందులేశాడు.

జయరామప్ప విజిల్ పక్కన పడేసి, ఫోను తీసి, విశాఖ రేవులో ఉన్న తన యజమానికి ఆనందంగా చెప్పాడు:

"సార్, తాబేలు ప్రాణాలతో బయటపడింది, ఇంక తాబేళ్లు చిక్కి చస్తాయని కేసుల భయం లేకుండా మన బోట్లు ఈ రొయ్యల వలలతో ధైర్యంగా సముద్రంలోకి పోవచ్చు!"