కథలమ్మ కొడుకు

మొదటి తన్నుకే తలుపు గొళ్లెం ఊడి గచ్చు మీద పడింది.

ముగ్గురు లోపలికొచ్చారు. ఒకడి చేతిలో ఇనప రాడ్డు, ఇంకొకడి చేతిలో సుత్తి. మూడోవాడు వట్టి చేతులతో వచ్చాడు. మాట్లాడేది వాడే.

మిట్టమధ్యాహ్నం. ఆ పిల్లల పుస్తకాల ఆఫీసులో అప్పుడున్నది ఇద్దరే. ప్రూఫులు దిద్దుకుంటున్న ఎడిటరుగారు, ఆయన బల్లకి ఇవతల స్టూలు మీద టీ తాగుతున్న పిడిగుద్దు.

పిడిగుద్దు లారీల యార్డులో పేరుమోసిన రౌడీ. ఇద్దరి దవడలు పగలగొట్టి జైలుకెళ్లొచ్చాడు. అలాంటివాడికి పుస్తకాల ఆఫీసులో ఏం పనంటే, అతను కథలమ్మ కొడుకు.

కథలమ్మ పేరు వినని పిల్లలు ఆ చుట్టుపక్కల లేరు. చందమామకి జలుబు చేసిన పాట ఆవిడదే. మీసాలు పోగొట్టుకున్న పిల్లి నవలా ఆవిడదే. పొడుపుకథలు, దుప్పటి ముసుగేసుకుని చదివే దయ్యాల కథలు, గణితంలో సున్నా వచ్చిన రాకుమారి నాటకం... ఒక్క మనిషి ఇన్ని రకాలు ఎలా రాస్తుందని ఎడిటరుగారికి ఇప్పటికీ ఆశ్చర్యమే. మోకాళ్లు సహకరించక ఆవిడ ఈ మేడ మెట్లు ఎక్కడం మానేసి చాలా ఏళ్లయింది. రాసిన కాగితాలు కొడుకే తెచ్చిస్తాడు. అమ్మగారు కులాసానా అని ఎడిటరుగారు అడుగుతారు, అతను తలూపుతాడు. అంతే. ఈ మధ్య ఆవిడ కథల్లో తోడేళ్లు కూడా ఏడుస్తున్నాయేమిటని ఒకసారి నవ్వుతూ అన్నారాయన. బాగోలేదా అని అడిగాడు పిడిగుద్దు, నేల చూస్తూ. బాగుందయ్యా, వయసు మీద పడేకొద్దీ మనసు మెత్తబడుతుందని చెప్పారు.

ఆ మేడ చేతులు మారింది. కొన్నవాళ్లకి అది ఖాళీ కావాలి. ఎడిటరుగారు కోర్టుకెక్కారు. ఈ ముగ్గురూ రావడం ఇది మూడోసారి.

మాట్లాడేవాడు వాయిదాలూ స్టేలూ తనకి చెప్పొద్దన్నాడు. రాడ్డు వాడు పుస్తకాల బీరువాని రెండు చేతులా పట్టి ముందుకి లాగాడు. అద్దాలు భళ్లున పగిలాయి. ఎడిటరుగారు లేవబోయారు. రాడ్డు ఆయన భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది.

పిడిగుద్దు టీ గ్లాసు కింద పెట్టాడు.

లేచిన వేగానికి స్టూలు ఎగిరి గోడకి కొట్టుకుంది. రాడ్డు వాడి ముక్కు మీద నుదుటితో గుద్దాడు. ముక్కు చితికింది. వాడి మెడ ఎడమ చేత్తో దొరకబుచ్చుకుని బల్ల అంచుకేసి ఒకటి, రెండు, మూడు సార్లు బాదాడు. పళ్లు రాలి ప్రూఫుల మీద పడ్డాయి.

అప్పుడే మాట్లాడేవాడు బల్ల మీదున్న కాగితాల కట్ట చూశాడు. కథలమ్మ కొత్త నవల. పొద్దున్నే వచ్చింది. రెండొందల పేజీలు, చేతిరాత, ఇంకో ప్రతి లేదు. వాడు జేబులోంచి లైటరు తీశాడు.

పిడిగుద్దు కుడి అరచెయ్యి ఆ కట్ట మీద దబ్బున పడింది.

"చెయ్యి తియ్యి" అన్నాడు సుత్తి వాడు.

అతను తియ్యలేదు. ఎడమ చేతిలో రాడ్డు వాడి గొంతు అలాగే ఉంది. సుత్తి దిగింది. వేళ్లు పక్కకి తిరిగిపోయాయి. మళ్లీ దిగింది. మూడోసారి, నాలుగోసారి. రక్తం కాగితాల అంచుల్లోంచి కారి బల్ల మీదకొచ్చింది. చెయ్యి మాత్రం లేవలేదు. అతని నోట్లోంచి చిన్న మూలుగైనా రాలేదు.

కింద దుకాణాల వాళ్లు కర్రలు పట్టుకుని మెట్లెక్కేసరికి ఇద్దరు వెనక కిటికీలోంచి దూకి పారిపోయారు. రాడ్డు వాణ్ణి పిడిగుద్దు పట్టులోంచి విడిపించడానికి నలుగురు కావాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి ఇక వంగవని డాక్టరు చెప్పాడు. భుజానికి కట్టుతో ఎడిటరుగారు అతని మంచం పక్కన కూర్చున్నారు.

"కాగితాలు?" అని అడిగాడు పిడిగుద్దు.

"పైవాటికి రక్తమైంది. చదవొచ్చులే. ఒక్క పేజీ కూడా పోలేదు."

అతను కళ్లు మూసుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి ధైర్యం ఇవ్వాలనిపించింది ఎడిటరుగారికి.

"ఇకనైనా ఆ కొట్లాటలు మానేస్తావు. ఒక రకంగా మంచిదేలేవయ్యా."

అంతే. నాలుగు సుత్తి దెబ్బలకి చలించని మనిషి, ఉన్న ఒక్క చెయ్యీ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి గుర్తొచ్చిందనుకున్నారు ఎడిటరుగారు. కన్న కడుపు, తట్టుకోలేదు. తనే వెళ్లి నెమ్మదిగా చెబుతానన్నారు. వద్దు సార్, మీరు ఇంటికెళ్లొద్దని బతిమాలాడు అతను. పిచ్చివాడు, ఎన్నాళ్లు దాస్తాడు?

మర్నాడు ఉదయం వెతుక్కుంటూ వెళ్లారు. సందు చివర రెండంతస్తుల ఇల్లు. పై గదికి తాళం వేసి ఉంది. కింది వాటా ఆవిడ బట్టలారేస్తోంది. ఎడిటరుగారు తనెవరో చెప్పుకున్నారు. కొడుక్కి దెబ్బలు తగిలిన సంగతి కథలమ్మగారికి చెప్పడానికి వచ్చానని, ఆవిడ తట్టుకునేలా పక్కన ఉండి కాస్త సాయం చెయ్యమని అడిగారు.

ఆవిడ చేతిలో తడి చీర అలాగే పట్టుకుని ఆయన్ని వింతగా చూసింది.

"ఆవిడ పోయి పదకొండేళ్లయింది కదండీ, అప్పట్నించీ ఆవిడ పేరుతో ఆ కథలూ పాటలూ రాస్తున్నది ఈ అబ్బాయే."