నిబ్బరం పట్టీ

తన్మయి టెన్నిస్ ఆడే రోజుల్లో ఓడితే రాకెట్ విరగ్గొట్టేది, గెలిస్తే కోర్టు మీదే బోర్లా పడి ఏడ్చేది. ఆ కోపం చూడ్డానికే కొందరు టిక్కెట్టు కొనేవారు. ఆమె కూతురు వేద్య తరంలో ఆటగాళ్లందరికీ చెవి వెనక నిబ్బరం పట్టీ ఉంటుంది. ఏ పాయింటు పోయినా మనసు తొణకదు. తనలా కోపంతో ఆటలు పోగొట్టుకోకూడదని వేద్యకి చిన్నప్పుడే దాన్ని అంటించింది తల్లే.

చేతికందిన ఫైనల్ ఓడిపోయి వేద్య విశాఖలోని ఇంటికొచ్చింది. స్నానం చేసి, పెసరట్టు తింటూ, "అల్లం పచ్చడి బావుందమ్మా" అంది.

"అంత ఆట పోయింది కదే! కడుపు మండట్లేదా?"

"ఎందుకూ? బ్యాక్‌హ్యాండ్ కొంచెం సరిచేసుకోవాలి, అంతే."

తన్మయి ఉండబట్టలేకపోయింది. కూతురి జుట్టు పక్కకి తోసి పట్టీ లాగేసింది.

"ఇప్పుడు ఏడువు తల్లీ. నన్ను తిట్టు. ఆ పళ్లెం విసిరికొట్టు, ఫర్వాలేదు."

తల్లిని సంతోషపెట్టాలని వేద్య పళ్లెం చేతిలోకి తీసుకుంది.

"ఎంత గట్టిగా విసరాలమ్మా?" అని శ్రద్ధగా అడిగింది.

తన్మయి నేల మీద కూలబడి ఇద్దరి ఏడుపూ తనే ఏడ్చింది.