బహువచనం

"భయపడకు తల్లీ. అమ్మకి ఏమైందో నువ్వు చూసింది చూసినట్టు చెప్పు," అన్నాడు పోలీసు, ఇంగ్లీషులో. అమ్మని అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. నాన్న నా పక్కనే కూర్చున్నారు.

హరారేలో నాన్న ఇంగ్లీషు మాస్టారు. జొహన్నెస్‌బర్గ్ వచ్చాక ఒక దుకాణం గేటు దగ్గర కాపలా. పంతులుగిరీ మాత్రం ఇంట్లో నా మీద సాగించేవారు.

మా షోనా భాషలో తండ్రిని ఏకవచనంలో అనకూడదు. అందుకే ఇంగ్లీషు మాట్లాడుతున్నా ఆయన గురించి నా నోటికి 'దే' అనే వచ్చేది. నాన్న మండిపడేవారు.

"నేనేమైనా పదిమందినా, వింబై? 'హీ' అనవే మొద్దూ! వినేవాళ్లు ఏదో ముఠా వచ్చిందనుకుంటారు."

పొయ్యి మీద మొక్కజొన్న పిండితో సద్జా కలుపుతూనే అమ్మ అడ్డొచ్చేది. "ఏ భాషైతేనేం, తండ్రి తండ్రే. నువ్వు అలాగే అను తల్లీ."

అమ్మ చెప్పినట్టే పోలీసుకి చెప్పాను. "'దే' ఇంట్లోకి వచ్చారు. 'దే' అమ్మ తలని గోడకేసి కొట్టారు. ఒకసారి కాదు."

పోలీసు అయ్యో అంటూ తలాడించి, 'దొంగల ముఠా' అని రాసుకున్నాడు. నేను నాన్న వంక చూశాను, ఇప్పుడు దిద్దుతారని.

దిద్దలేదు. మొట్టమొదటిసారి నా తల నిమిరి, "చక్కగా చెప్పావమ్మా" అన్నారు.

అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

నాకిప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చు. 'దే' కాదు, 'హీ'. అమ్మని చంపింది వాడొక్కడే.